మాక్‌బెత్‌కు నిద్ర పట్టదు

ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాళ్ళని అర్ధరాత్రి లేపి అడిగినా షేక్‌స్పియర్ మాక్‌బెత్ గురించి ఒకటే జవాబు వస్తుంది: అత్యాశ. కాస్త బరువుగా చెప్పదలిస్తే రాజ్యకాంక్ష. గైడ్లలో అదే, నోట్సుల్లో అదే, పరీక్షలో రాసే రెండు పేజీల జవాబూ అదే. గొప్ప వీరుడు, స్వతహాగా మంచివాడు, అత్యాశ అనే ఒక్క లోపంతో నాశనమైపోయాడు. నేనూ కొన్నేళ్ళు క్లాసులో ఈ పాఠమే చెప్పాను. పిల్లలకు తేలిగ్గా అందుతుందని మన దుర్యోధనుడితో పోలిక కూడా తెచ్చేవాణ్ణి. ఐదూళ్ళయినా ఇవ్వనన్నవాడు, నిద్రపోతున్న రాజును పొడిచి సింహాసనమెక్కినవాడు, ఇద్దరూ ఒక తాను గుడ్డలేనని.

ఆ పోలిక తప్పు, ఆ జవాబూ తప్పు. గైడు పక్కన పడేసి, మాక్‌బెత్ నోట వచ్చిన మాటలు మాత్రమే మొదటి అంకం నుంచి చివరి అంకం దాకా వరసగా చదివితే అతన్ని నడిపిందేమిటో తెలుస్తుంది. అతన్ని నడిపింది భయం. రాజు కాకముందూ భయమే, రాజయ్యాకా భయమే. దాన్ని అత్యాశ అనడం జ్వరాన్ని ఆకలి అనడం లాంటిది.

అత్యాశ వాదులకున్న గట్టి ఆధారం ఒకటే. ఒకటో అంకం, ఏడో రంగం. లోపల డంకన్ రాజు విందులో ఉన్నాడు. బయట మాక్‌బెత్ ఒంటరిగా నిలబడి తనలో తాను తర్కించుకుంటున్నాడు. రాజు తనకు బంధువు, ఏలిక, ఈ రాత్రికి అతిథి. హంతకుడు రాకుండా తలుపు వెయ్యాల్సినవాడే కత్తి పట్టడమేమిటి? డంకన్ ఎవరినీ నొప్పించని రాజు, అతని మంచితనమే గొంతెత్తి లోకానికి చాటదా? ఇలా అన్నీ లెక్కేసుకుని చివరికొచ్చేసరికి, ఈ పనికి తనను పొడిచి ముందుకు తోసే ములుగర్ర ఏదీ తన దగ్గర లేదని, ఉన్నదల్లా ఎగిరి గుర్రమెక్కబోయి అవతలిపక్క పడిపోయే ఆశ ఒక్కటేనని ఒప్పుకుంటాడు.

మన గైడ్లు సరిగ్గా ఇక్కడ కత్తిరిస్తాయి. చూశారా, అత్యాశ అని వాడే చెప్పాడు అంటాయి. ఆ మాట పూర్తవుతుండగానే లేడీ మాక్‌బెత్ వస్తుంది. ఆమెతో మాక్‌బెత్ ఏమంటాడో చూడండి: ఇక ఈ వ్యవహారం వద్దు, ఇక్కడితో ఆపేద్దాం అంటాడు. తన దగ్గరున్న కారణం ఆశ ఒక్కటేనని గుర్తించి, ఆ కారణం చాలదని తేల్చుకుని, చేతులు దించేశాడు. వందేళ్ళుగా అత్యాశకు సాక్ష్యంగా మనం చూపిస్తున్నది అత్యాశ ఓడిపోయిన చోటు.

మరి ఆ రాత్రే కత్తి ఎలా పట్టాడు? ఆ పది నిమిషాల్లో భార్య అతనికి సింహాసనం ఎంత గొప్పగా ఉంటుందో వర్ణించలేదు. రాణివాసం గురించీ, అధికారం గురించీ పెద్దగా ఊరించలేదు. నీ కళ్ళకు నువ్వే పిరికివాడిగా బతుకుతావా అని అడిగింది. చేప కావాలి గానీ కాలు తడవకూడదనుకునే పిల్లి సామెత గుర్తుచేసింది. అప్పుడు మాట ఇచ్చినప్పుడు మగాడివి, ఇప్పుడు కావు అంది. నేనైతే నీలా ప్రమాణం చేసి ఉంటే పాలు తాగుతున్న పసిబిడ్డను కూడా నేలకేసి కొట్టేదాన్ననేసింది. దానికి మాక్‌బెత్ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఒకవేళ తప్పితే? రాజ్యం వస్తే ఏం చేద్దామని కాదు, పని చెడితే ఏమవుతుందని. చేసే భయం ఒకవైపు, చెయ్యకపోతే ఈమె కళ్ళలో పిరికివాడిగా మిగిలిపోయే భయం ఇంకోవైపు. రెండోది పెద్దది. డంకన్ ప్రాణం ఆ రెండు భయాల మధ్య పోయింది.

అసలు మొదట్లో ఆ జోస్యం విన్నప్పుడే చూడండి. యుద్ధం గెలిచి తోటి సేనాని బాంకోతో కలిసి బీడు దారిన వస్తున్నాడు. ముగ్గురు మంత్రగత్తెలు ఎదురై, కాబోయే రాజువి నువ్వేనని పలికారు. పక్కనున్న బాంకో అతని ముఖం చూసి అడిగిన మాట: ఇంత చల్లని కబురు వింటూ ఎందుకలా ఉలిక్కిపడ్డావు, ఎందుకు భయపడుతున్నావు? మన ఊళ్ళో ఎవరికైనా పెద్ద పదవి యోగముందని సిద్ధాంతి చెబితే ముఖం విప్పారుతుంది. పైకి కొట్టిపారేసినా లోపల పొంగుతుంది. మాక్‌బెత్‌కు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, గుండె పక్కటెముకలకు కొట్టుకుంది. ఈ మాటలు అతనే తనలో తాను చెప్పుకుంటాడు. కాసేపటికి తేరుకుని, రాజయ్యే రాత ఉంటే నేను కదలకుండానే అవుతాను పొమ్మని సర్దుకోబోతాడు కూడా. రాజ్యం కోసం తహతహలాడేవాడి మాటలా ఇవి?

కోరిక లేదని నేననడం లేదు. డంకన్ తన కొడుకు మాల్కమ్‌ను వారసుడిగా ప్రకటించిన రంగంలో, తన మనసులోని చీకటి కోరికల మీద వెలుగు పడకూడదని మాక్‌బెత్ నక్షత్రాలను ఆరిపొమ్మంటాడు. ఉంది, కోరిక ఉంది. రాజుకు దగ్గరి చుట్టం, రాజ్యాన్ని కాపాడిన సేనాని, అతనికి ఆ ఊహ రాకపోతేనే వింత. బాంకోకూ ఆశ ఉంది, తన వంశం ఏలుతుందని విని లోలోపల లెక్కలు కట్టుకుంటూనే ఉన్నాడు. అతను ఎవరినీ పొడవలేదు. అనుకోవడానికీ చేతిలోకి కత్తి తీసుకోవడానికీ మధ్య ఏముందన్నదే ప్రశ్న. ఆ మధ్యనున్నదాన్ని వదిలేసి మొదటిదానికి పేరు పెట్టి సంతృప్తి పడుతున్నాం.

షేక్‌స్పియర్‌కు అత్యాశాపరుణ్ణి రాయడం చేతకాదా? అంతకు పదేళ్ళ పైచిలుకు ముందే మూడో రిచర్డ్‌ను రాశాడు. ఆ రిచర్డ్ తెర లేవగానే వచ్చి తన పన్నాగం మనతో చెప్పుకుంటాడు, ఒక్కొక్కర్నీ తప్పించి సింహాసనం వైపు జరుగుతుంటే ఆ ఆట అతనికి తియ్యగా ఉంటుంది. అంతకుముందు మార్లో రాసిన టాంబర్లేన్‌కు భూమ్మీద కిరీటాన్ని మించిన సుఖం లేదు, దాన్ని పాటలా వర్ణిస్తాడు. ఆ పద్ధతి ఆనాటి ప్రేక్షకులకు బాగా తెలుసు. ఇప్పుడు మాక్‌బెత్ మాటల్లో వెతకండి. సింహాసనం మీద కూర్చుంటే ఎలా ఉంటుందో, ఆ కిరీటంతో ఏం చెయ్యాలనుకున్నాడో, ఏ భూమి గెలవాలనుకున్నాడో, దొరకదు. పట్టాభిషేకమే వేదిక మీద లేదు. స్కోన్‌లో జరగబోతోందని రాస్, మాక్‌డఫ్ అనే ఇద్దరు సర్దార్లు దారిలో నిలబడి మాట్లాడుకుంటుంటే మనం విని ఊరుకోవాలి. మాక్‌డఫ్ అయితే అక్కడికి పోను, ఇంటికి పోతానని ఫైఫ్ దారి పడతాడు. అత్యాశ నాటకానికి కల్యాణఘట్టం లాంటిది పట్టాభిషేకం. దాన్ని నాటకకర్త రెండు మాటల్లో తేల్చేశాడు.

తేల్చకుండా పూర్తిగా చూపించింది హత్య తర్వాతి పది నిమిషాలు. అక్కడ కాసేపు నిలబడి చూడాలి. మాక్‌బెత్ గదిలోంచి వస్తాడు, చేతులు నెత్తురు, ఆ చేతుల్లో రెండు బాకులు. ఆ బాకులు కాపలావాళ్ళవి. వాళ్ళ పక్కనే పడేసి రావాలని ముందే అనుకున్నారు, మరిచిపోయి తెచ్చేశాడు. అతని ధ్యాసంతా ఇంకోచోట ఉంది. పక్క గదిలో ఇద్దరు నిద్రలో కలవరించారు, లేచారు, దేవుణ్ణి తలుచుకుని మళ్ళీ పడుకున్నారు. ఆ ప్రార్థనకు తను ఆమెన్ అనలేకపోయాడు. ఎందుకనలేకపోయాను, ఎందుకు గొంతులో ఆగిపోయింది అని అదే అడుగుతాడు. ఇక నిద్ర లేదు, మాక్‌బెత్ నిద్రను చంపేశాడు అని ఎవరో అరిచినట్టు వినిపించిందంటాడు. బాకులు తిరిగి పెట్టి రమ్మంటే వెళ్ళనంటాడు, చేసినదాన్ని తలుచుకోవడానికే భయంగా ఉంది, మళ్ళీ చూడలేనంటాడు. అంతలో కోట తలుపు ఎవరో కొడతారు. ఆ చప్పుడుకు డంకన్ లేస్తే ఎంత బాగుండునని మాక్‌బెత్ అంటాడు. రాజ్యం చేతికొచ్చిన మొదటి గడియ ఇది. ఆ రంగంలో కిరీటం ఊసే లేదు.

నిద్ర అన్న మాటను ఇక్కడి నుంచి పట్టుకుని పోతే నాటకమంతా దారి కనిపిస్తుంది. రాజయ్యాక మాక్‌బెత్ చెప్పుకునే మొదటి పెద్ద మాట, రాజుగా ఉండటం ఏమీ కాదు, నిర్భయంగా ఉంటేనే అది ఉండటం అని. వెంటనే బాంకో పేరు, బాంకో అంటే లోతుగా దిగిన భయం. తర్వాతి రంగంలో భార్యతో, భయంతో అన్నం తింటూ, రాత్రుళ్ళు పీడకలలతో వణుకుతూ బతకడం కంటే చచ్చినవాళ్ళతో ఉండటమే నయమంటాడు. డంకన్‌ను చూసి అసూయ పడతాడు, అతను సమాధిలో హాయిగా నిద్రపోతున్నాడని. చంపినవాడు చచ్చినవాడి నిద్రను చూసి అసూయపడటం, ఇది రాజ్యకాంక్ష తీరినవాడి మాటేనా? తన మనసు నిండా తేళ్ళే ఉన్నాయని భార్యకు చెబుతాడు. బాంకో చచ్చాడు గానీ కొడుకు ఫ్లియాన్స్ తప్పించుకున్నాడని విందులో తెలియగానే, మళ్ళీ మూర్ఛ వచ్చినట్టే అంటాడు, సందేహాలూ భయాలూ ఇరుకు గదిలో బంధించినట్టుందంటాడు. అదే విందులో బాంకో ప్రేతం కుర్చీలో కూర్చుంటుంది, అతనికి తప్ప ఎవరికీ కనబడదు. అతిథులు వెళ్ళిపోయాక భార్యతో మెల్లగా ఒక విషయం బయటపెడతాడు: ప్రతి సర్దారు ఇంట్లోనూ తను డబ్బిచ్చి పెట్టుకున్న నౌకరు ఒకడున్నాడు. ఆశగలవాడు దేశాలు గెలుస్తాడు. ఇతను ఇంటింటికీ వేగుల్ని పెట్టుకున్నాడు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. బాంకో హత్యకు ఇంకో కారణం చెప్పేవాళ్ళున్నారు: పిల్లలు లేకపోవడం. తన చేతికిచ్చిన రాజదండం గొడ్డుపోయిందని మాక్‌బెత్ వాపోతాడు నిజమే. ఫ్రాయిడ్ 1916లో ఈ దంపతుల సంతానలేమి మీద రాశాడు. అత్యాశ కన్నా ఇది నిజానికి దగ్గర. కానీ మాక్‌డఫ్ కుటుంబం దగ్గర ఇదీ సరిపోదు.

ఆ ఘట్టమే నా వాదానికి మూలస్తంభం. నాలుగో అంకంలో మాక్‌బెత్ తనే మంత్రగత్తెలను వెతుక్కుంటూ పోతాడు. మాక్‌డఫ్‌తో జాగ్రత్త అని ఒక ఆకారం చెబుతుంది. ఆడదాని కడుపున పుట్టినవాడెవడూ నిన్నేమీ చెయ్యలేడని మరోటి. అది వినగానే మాక్‌బెత్ ఊపిరి పీల్చుకుని, అయితే మాక్‌డఫ్ బతకనీ, అతనితో నాకేం భయం అంటాడు. ఇంకో ఊపిరి తీసుకోకముందే మాట మార్చేస్తాడు. అయినా చంపుతాను అంటాడు. ఎందుకు? పాలిపోయిన ఆ భయంతో నువ్వు అబద్ధమని చెప్పగలగడానికి, ఉరుములు ఉరుముతున్నా నిద్రపోగలగడానికి. కారణం అతనే చెప్పాడు. సింహాసనానికి ముప్పు లేదని హామీ దొరికాక, ఆ హామీని నమ్మాక కూడా చంపుతానన్నాడు, నిద్ర పట్టడం కోసం. ఈలోగా మాక్‌డఫ్ ఇంగ్లండ్ పారిపోయాడని కబురొస్తుంది. అతను దొరకడు. అయినా అతని కోటకు మనుషుల్ని పంపి భార్యను, బిడ్డలను, ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ నరికిస్తాడు. తల్లి కళ్ళ ముందే చిన్న కొడుకును పొడుస్తారు, అది వేదిక మీదే జరుగుతుంది. ఆ పిల్లవాడి వల్ల మాక్‌బెత్ రాజ్యానికి గజం నేల పెరగదు, తరగదు. అత్యాశ అనే మాట ఆ పసివాడి శవం పక్కన నిలబడగలదా?

మన కథల్లో ఇలా పిల్లల్ని చంపినవాడు దుర్యోధనుడు కాదు, కంసుడు. పోలిక తప్పని మొదట్లో అన్నది అందుకే. చెల్లెలి పెళ్ళి ఊరేగింపులో రథం పగ్గాలు ప్రేమగా తనే పట్టుకుని తోలుతున్నాడు కంసుడు. ఆకాశవాణి మాట చెవిన పడ్డ మరుక్షణం అదే చేత్తో దేవకి జుట్టు పట్టి కత్తి ఎత్తాడు. జోస్యం వినకముందు అన్న, విన్నాక హంతకుడు. ఎనిమిదో బిడ్డ అన్నారు గదా, మొదటి బిడ్డనెందుకు చంపడమన్న తర్కం అక్కడ ఎక్కువసేపు నిలవలేదు. భాగవతంలో కంసుడికి కూర్చున్నా, పడుకున్నా, తింటున్నా ఆ శత్రువే కనిపిస్తాడు. ఏడో స్కంధంలో నారదుడు ధర్మరాజుతో ఎవరెవరు ఏ భావంతో విష్ణువును చేరారో చెబుతూ గోపికలకు కామం, కంసుడికి భయం అని విడదీసి చెప్పాడు. పోతన భాగవతం విన్న మన ఊరి ముసలమ్మకు కూడా కంసుడిది భయమని తెలుసు. తండ్రిని చెరలో పెట్టి సింహాసనమెక్కినా సరే, కంసుడిది రాజ్యకాంక్ష అని ఆమె అనదు. ఇంత తేటగా చూడగలిగిన మనం మాక్‌బెత్ దగ్గరికొచ్చేసరికి గైడు మాట పట్టుకున్నాం.

షేక్‌స్పియర్ తన మూలకథకు చేసిన మార్పు కూడా ఇదే చెబుతోంది. చరిత్రలో మాక్‌బెత్ 1040 నుంచి 1057 దాకా పదిహేడేళ్ళు స్కాట్లండ్‌ను ఏలాడు. ముసలి డంకన్ నిద్రలో చావడం నాటకం సంగతి, అసలు డంకన్ యుద్ధంలో చచ్చాడు. షేక్‌స్పియర్ ముందు పెట్టుకుని రాసింది హాలిన్షెడ్ చరిత్ర గ్రంథం. అందులో మాక్‌బెత్ రాజయ్యాక పదేళ్ళు మంచి చట్టాలతో చక్కగా ఏలాడు. ఆ తర్వాతే, డంకన్‌కు తను పోసిన గిన్నెలోంచి తనకూ ఎవరైనా పోస్తారేమోనన్న దిగులుతో క్రూరుడయ్యాడు. ఆశ తీరినవాడు పదేళ్ళు కడుపు నిండినట్టు పాలించడం సహజం. 1606 ప్రాంతంలో ఈ నాటకం రాస్తూ షేక్‌స్పియర్ ఆ పదేళ్ళను పూర్తిగా కొట్టేశాడు. ఒక్క రోజు కూడా మిగల్చలేదు. హత్య, ఆ వెంటనే దిగులు. తృప్తికి చోటున్న ప్రతి పేజీనీ చింపేసి, భయమున్న పేజీలే ఉంచుకున్నాడు.

ఈ సంగతి పట్టుకున్నవాళ్ళు లేకపోలేదు. 1930లోనే లిలీ క్యాంప్‌బెల్ అనే విమర్శకురాలు ఈ నాటకాన్ని భయం మీద రాసిన నాటకంగా చదివింది. నాకు అంతకంటే గట్టి సాక్షి అకిరా కురొసావా. 1957లో ఆయన మాక్‌బెత్‌ను జపాన్ యుద్ధకాలంలో పెట్టి తీసిన త్రోన్ ఆఫ్ బ్లడ్‌లో భార్య అసాజీ చాపమీద కదలకుండా కూర్చుని, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. జోస్యం విన్నది నువ్వొక్కడివే కాదు, నీ స్నేహితుడు మికీ కూడా. అతను ప్రభువు చెవిన వేస్తే నిన్ను బతకనిస్తారా? ఆ సేనాని వషీజు అప్పటిదాకా విశ్వాసపాత్రుడు, ఆ మాటతో కదులుతాడు. కురొసావా ఇంగ్లీషు పద్యాల్లో ఒక్కటీ ఉంచుకోలేదు. కానీ నాటకం నరం ఎక్కడుందో అక్కడే వేలు పెట్టాడు.

మంత్రగత్తెలే చేయించారని, భార్యే చేయించిందని అనేవాళ్ళ సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మంత్రగత్తెలు చంపమని ఎక్కడా అనలేదు. బాంకో హత్య గురించి భార్యకు చెప్పనేలేదు, పని అయ్యేదాకా నీకెందుకన్నాడు. మాక్‌డఫ్ ఇంటి మీదికి పంపేటప్పటికి ఆమె అతని పక్కనే లేదు.

అడగాల్సిన గట్టి ప్రశ్న వేరే ఉంది. యుద్ధంలో శత్రువును బొడ్డు నుంచి దవడ దాకా చీల్చినవాడని రెండో రంగంలోనే చెప్పిన మనిషి, అతనికి భయమేమిటి? ఇదే నేనూ చాలా రోజులు తట్టుకుని ఆగిన చోటు. జవాబు అతనే బాంకో ప్రేతంతో చెబుతాడు. ఎలుగుబంటిగా రా, ఖడ్గమృగంగా రా, పులిగా రా, నా నరం కదలదు, ఈ రూపంలో మాత్రం రాకు అంటాడు. ఎదురుగా నిలిచినదాన్ని నరకడం అతనికి చేతనవును. ఇంకా రానిదాన్ని నరకడం ఎవరికి చేతనవుతుంది? కండకు ధైర్యముంది, ఊహకు లేదు. అందుకే అతను ఆగలేడు. ఆశపోతు రాజుకు ఎక్కడో ఒకచోట కడుపు నిండుతుంది, సరిహద్దు సముద్రం దగ్గర ఆగుతుంది. భయపడే రాజుకు నిన్న చంపినవాడి కొడుకున్నాడు, ఆ కొడుకును దాచినవాడున్నాడు, దాచినవాడి ఇంట్లో పిల్లలున్నారు. అత్యాశ అని పాఠం చెప్పినప్పుడు పిల్లలకు మనమిచ్చేది ఒక ఊరట కూడా, నాకు సింహాసనం అక్కర్లేదు కనుక ఈ కథ నాది కాదని. భయం అని చెప్పి చూడండి, ఆ ఊరట ఉండదు. అందుకే ఈ తప్పు జవాబు నన్ను ఇంత బాధిస్తుంది.

చివరి అంకంలో డన్సినేన్ కోటలో కవచం సంగతి చూడండి. శత్రుసేన ఇంకా దూరంలోనే ఉంది. కవచం ఇమ్మంటాడు. ఇప్పుడే అక్కర్లేదు ప్రభూ అంటాడు అనుచరుడు సీటన్. తొడుక్కుంటానంటాడు. తొడిగిస్తుండగా వైద్యుడితో భార్య రోగం గురించి మాట్లాడతాడు, మనసులో పాతుకున్న దుఃఖాన్ని పెరికే మందు లేదా అని అడుగుతాడు, మళ్ళీ తొందర పెడతాడు, మళ్ళీ తీసెయ్యమంటాడు, చివరికి నా వెనకాలే పట్టుకురమ్మంటాడు. అంతకుముందే, ముఖం పాలిపోయి వచ్చిన కుర్ర నౌకరును పిరికిముఖమని నోటికొచ్చినట్టు తిట్టాడు. భయం మాటెత్తినవాణ్ణి ఉరి తియ్యమన్నాడు. తన ముఖంలో ఉన్నది ఎదుటివాడి ముఖంలో కనిపిస్తే ఎవరికైనా అంత కోపం వస్తుంది.

ఆ తర్వాత కోటలో ఆడవాళ్ళ ఏడుపు వినబడుతుంది. ఒకప్పుడు రాత్రిపూట అరుపు వింటే ఒళ్ళు చల్లబడేదని, భయం రుచి ఎలా ఉంటుందో దాదాపు మరిచిపోయానని అంటాడు. భార్య పోయిందని కబురు. భయం ఇంకిపోయిన క్షణం అది. నిజంగా రాజ్యకాంక్షే అతని ప్రాణమైతే, అడ్డుగా ఉన్న భయం తొలగిపోయాక అది పైకి తేలాలి. తేలిందేమిటి? రేపు, ఎల్లుండి, ఆపైన ఇంకో రోజు అంటూ బతుకంతా అర్థం లేని రొదగా కనిపించడం. కిరీటం అతని తల మీదే ఉంది, దాని మీద మమకారం ముక్కంతైనా లేదు. భయం పోతే అతనిలో ఏమీ మిగల్లేదు.

చివరికి మాక్‌డఫ్ ఎదురవుతాడు. తను తల్లి కడుపు కోసి తీసిన బిడ్డనని చెబుతాడు. మాక్‌బెత్ చెయ్యి వాలిపోతుంది, నీతో పోరాడనంటాడు. అయితే లొంగిపో పిరికివాడా అంటాడు మాక్‌డఫ్, నీ బొమ్మ గీయించి కర్రకు కట్టి జనానికి చూపిస్తాం అంటాడు. ఆ మాటతో మాక్‌బెత్ డాలు ఎత్తుతాడు. డంకన్‌ను చంపిన రాత్రి భార్య నోటి నుంచి విన్న మాటే అది.